వాట్సాప్‌లో ఎక్స్‌రే పంపితే సరిపోతుందా?

స్కానింగ్ సెంటర్ నుంచి డాక్టరు ఫోనుకు చేరేలోపు బొమ్మ ఏం పోగొట్టుకుంటుంది? సీటీ, ఎంఆర్ఐ వెనక ఉన్న లెక్కలు కాస్త తెలిస్తే మీ ఇంట్లో వైద్యం ఎలా మెరుగవుతుంది?

"సార్, అమ్మ ఎక్స్‌రే వాట్సాప్‌లో పెట్టాను. చూశారా?"

సాయంత్రం ఓపీ ముగిశాక ఫోన్ తెరిస్తే ఇలాంటి మెసేజ్‌లు నాలుగైదైనా ఉంటాయి. పంపినవాళ్లను తప్పుపట్టను. ప్రత్తిపాడు చుట్టుపక్కల పల్లెల నుంచి గుంటూరు వెళ్లి రావాలంటే ఒక పూట కూలి పోతుంది. ఫొటో పంపితే పైసా ఖర్చు లేదు. నేనూ చాలాకాలం అలాగే చూసి సలహా చెప్పేవాడిని. ఒక్క కేసు నా అలవాటు మార్చింది.

కొన్నేళ్ల కిందటి మాట. మిర్చి కల్లాల్లో ఉన్న రోజులు. తొడిమలు తీసే పనికి వెళ్లే ఒకావిడకు నెలన్నరగా దగ్గు. వయసు యాభై దాటింది. "మిరప ఘాటుకి దగ్గేలే" అని ఇంట్లో అందరూ అనుకున్నారు. చివరికి కొడుకు ఎక్స్‌రే తీయించి, ఫిల్మును ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టుకుని ఫొటో తీసి నాకు పంపాడు. నేను ఫోనులోనే చూశాను. "పెద్దగా ఏమీ కనపడటం లేదు, మందు వాడండి, తగ్గకపోతే తీసుకురండి" అని జవాబిచ్చాను.

మూడు వారాల తరువాత ఆవిణ్ని తీసుకొచ్చారు. అదే ఫిల్మును వ్యూబాక్స్ మీద పెట్టగానే కుడివైపు మెడ ఎముక కింద పలచటి మచ్చ కనిపించింది. కళ్లె పరీక్ష చేయిస్తే టీబీ. నా ఫోనులో పాత ఫొటో వెతికి మళ్లీ చూశాను. మచ్చ ఉండాల్సిన చోట ఒట్టి బూడిదరంగు. ఆవిడ పూర్తిగా మందులు వాడి కోలుకుంది. కానీ ఆ మూడు వారాలూ రెండేళ్ల మనవడిని పక్కలో వేసుకుని పడుకుంది. వాడికీ పరీక్షలు చేసి, ముందుజాగ్రత్త మందులు వాడాల్సి వచ్చింది. ఫిల్ములో తప్పు లేదు, కొడుకుదీ తప్పు లేదు. ఫొటోను ఎక్స్‌రే అనుకున్న నాదే తప్పు.

మరి ఆ మచ్చ ఎక్కడ మాయమైంది?

మూడు చోట్ల జరిగిన నష్టం

మొదటిది ఫొటో తీసేటప్పుడు. ట్యూబ్‌లైటు వెలుగు ఫిల్ము అంతటా సమానంగా పడదు. మధ్యలో తెల్లగా, అంచుల్లో నల్లగా వస్తుంది. పైగా ఫోన్ కెమెరా గరుకుగా కనిపించిన చోటల్లా తనంతట తానే నునుపు చేస్తుంది. రెండోది పంపేటప్పుడు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటో సైజు తగ్గిస్తుంది. మూడోది ఫొటోను కుదించి దాచే పద్ధతి. దాన్నే జేపెగ్ అంటాం.

జేపెగ్ చేసే పని తెలుసుకోదగ్గది. బొమ్మను అడ్డంగా 8, నిలువుగా 8 చుక్కలుండే చిన్న గళ్లుగా విడదీస్తుంది. ఒక్కో గడిలో 64 చుక్కలు. ఆ 64 చుక్కల వెలుగును ఉన్నదున్నట్టు రాసుకోకుండా, 64 రకాల అలల కలయికగా రాసుకుంటుంది. కొన్ని నిదానమైన అలలు. గోడ మీద వెలుగు మెల్లగా తగ్గినట్టు ఉంటాయి. కొన్ని హడావిడి అలలు. సన్నని గీతలు, గరుకుదనం వాటిలో ఉంటాయి. మన కంటికి అంతగా తెలియని హడావిడి అలలు చిన్నవిగా ఉంటే వాటిని సున్నా చేసేస్తుంది. అందుకే ఫైలు తేలికవుతుంది. పెళ్లి ఫొటోలో పట్టుచీర జరీలో నాలుగు పోగులు తగ్గినా ఎవరూ పట్టించుకోరు. ఊపిరితిత్తిలో పలచటి మచ్చ తగ్గితే అది వేరే కథ.

అలలుగా విడగొట్టే ఈ కిటుకును 1974 జనవరిలో ప్రచురించింది ముగ్గురు: నసీర్ అహ్మద్, టి.నటరాజన్, కె.ఆర్.రావు. ఈ మూడో ఆయన పూర్తిపేరు కామిశెట్టి రామమోహన్‌రావు. ఇంటిపేరు వింటేనే మనవాడనిపిస్తుంది. గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో చదివి, అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారు. 2021లో కన్నుమూశారు. ఈ లెక్క ఆధారంగానే 1992లో జేపెగ్ ప్రమాణం వచ్చింది. మీ ఫోనులోని ఫొటోల్లో చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి. ఆయన సాధనంలో లోపం లేదు. కూరగాయలు తరిగే కత్తితో ఆపరేషన్ చేస్తే తప్పు కత్తిది కాదు కదా.

తేడాను ఎలా కొలవాలి?

అసలు బొమ్మకు, కుదించిన బొమ్మకు తేడా ఎంత? ఇది గణితంలో పెద్ద ప్రశ్న. ఫంక్షనల్ ఎనాలిసిస్ అనే శాఖ ఇలాంటి ప్రశ్నలకు పనిముట్లు ఇస్తుంది. ఆ శాఖ దృష్టిలో ఒక బొమ్మ మొత్తం ఒక బిందువు. రెండు బొమ్మల మధ్య దూరం కొలవవచ్చు. అయితే కొలబద్ద ఒకటి కాదు, అనేకం.

చిన్న లెక్క చూడండి. 10 లక్షల చుక్కలున్న ఎక్స్‌రేలో అడ్డం 30, నిలువు 30 చుక్కల మచ్చ ఉందనుకోండి. అంటే 900 చుక్కలు. మొత్తంలో వెయ్యో వంతు కూడా లేదు. మచ్చ పూర్తిగా చెరిగిపోయినా సగటు తేడా అతి స్వల్పం. "నకలు దాదాపు అసలులాగే ఉంది" అని సగటు కొలబద్ద చెబుతుంది. ఎక్కడో ఒకచోట పెద్ద తేడా వచ్చిందా అని చూసే కొలబద్ద మాత్రం వెంటనే పట్టేస్తుంది. డాక్టరుకు కావాల్సింది రెండోది. రోగం సగటులో ఉండదు, ఒక మూలన ఉంటుంది.

ఏ తేడాకు ఎంత బరువివ్వాలో మనమే నిర్ణయించుకోగల కొలతల కుటుంబం ఒకటుంది. వాటిని ఓర్లిచ్ స్పేస్‌లు అంటారు. వాటి మీద ప్రపంచంలో చాలామంది చదివే గ్రంథాల్లో ఒకటి 1991లో వచ్చింది. రాసినవారిలో ఒకరు నిమ్మగడ్డలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, కాలిఫోర్నియాలో ప్రొఫెసర్‌గా పనిచేసిన మాలెంపాటి మధుసూదనరావు. మనకు స్కానింగ్ సెంటర్‌లో బిల్లు కట్టే కిటికీ తప్ప ఇవేవీ కనపడవు.

నాలుగు గదుల లెక్క

ఎక్స్‌రే అంటే నీడ. ముందున్నదీ వెనకున్నదీ ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి. గుండె వెనక గడ్డ ఉంటే గుండె నీడలో దాక్కుంటుంది. సీటీ స్కాన్ ఆ చిక్కు విప్పుతుంది. ఎలాగో కాగితం మీద మీ పిల్లలతో ఆడించవచ్చు.

కోల్డ్ స్టోరేజీలో నాలుగు గదులున్నాయి. పైన రెండు, కింద రెండు. లోపలికి వెళ్లకుండా ఏ గదిలో ఎన్ని మిర్చి టిక్కీలున్నాయో చెప్పాలి. పై వరుస మొత్తం 5, కింది వరుస 9 అని తెలిసింది. ఎడమ నిలువు మొత్తం 8, కుడి నిలువు 6. చెప్పగలరా? చెప్పలేరు. చాలా జవాబులు సరిపోతాయి. ఇప్పుడు ఎడమ పై గది, కుడి కింది గది కలిపితే 7 అని మూలగా ఒక్క కొలత ఇస్తాను. ఇక జవాబు ఒక్కటే: పైన 3, 2. కింద 5, 4.

సీటీ మెషీన్ చేసేదీ ఇదే. ఒంటి చుట్టూ తిరుగుతూ వందల కోణాల్లో నీడలు కొలిచి, లోపల ఏముందో లెక్కగట్టి చెబుతుంది. అన్ని కోణాల మొత్తాలూ తెలిస్తే లోపలి బొమ్మ రాబట్టవచ్చని ఆస్ట్రియా గణితజ్ఞుడు యోహాన్ రాడన్ 1917లోనే నిరూపించాడు. అప్పటికి కంప్యూటర్లు లేవు. ఆయన మనసులో రోగులూ లేరు. 1971 అక్టోబరులో లండన్‌లోని ఒక ఆసుపత్రిలో మొదటి రోగికి తలను సీటీ తీశారు. అదే ఏడాది మన దేశానికి చెందిన జి.ఎన్.రామచంద్రన్, ఎ.వి.లక్ష్మీనారాయణన్ ఈ లెక్కను వేగంగా చేసే పద్ధతి ప్రచురించారు. సీటీ పాఠ్యపుస్తకాల్లో దాన్ని ఇప్పటికీ 'రామ్-లాక్' ఫిల్టర్ అంటారు. 1979లో సీటీకి వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. అందుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ ఇంజినీరు, అలెన్ కార్మాక్ భౌతిక శాస్త్రవేత్త. ఇద్దరూ డాక్టర్లు కారు.

ఫిల్ములో లేనిది సీడీలో ఉంటుంది

సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె ఉంటుంది. నీటికి సున్నా. గాలికి మైనస్ 1000. గట్టి ఎముకకు వెయ్యికి పైన. ఇలా వేల మెట్లుంటాయి. ఫోను తెర చూపే నలుపు తెలుపు మెట్లు సాధారణంగా 256. అందుకే డాక్టరు కంప్యూటర్ ముందు కూర్చుని, ఊపిరితిత్తి చూడాలంటే ఒక పరిధి, మెదడు చూడాలంటే ఒక పరిధి, ఎముక చూడాలంటే మరో పరిధి ఎంచుకుంటాడు. ఒకే స్కాన్‌లో ఒక పరిధిలో కనపడని రక్తస్రావం ఇంకో పరిధిలో కనపడుతుంది.

ఫిల్ము మీద అచ్చువేసేసరికి ఆ పరిధి బిగుసుకుపోతుంది. దానికి ఫొటో తీస్తే ఇంకా నష్టం. అందుకే సెంటర్‌లో ఫిల్ముతోపాటు సీడీ గానీ, పెన్‌డ్రైవ్‌లో డైకామ్ ఫైళ్లు గానీ అడగండి. డైకామ్ అంటే మెషీన్ కొలిచిన అంకెలు చెక్కుచెదరకుండా ఉండే ఫైలు. ఆపరేషన్ కోసం పెద్దాసుపత్రికి వెళ్లినప్పుడు సీడీ ఉంటే చాలాసార్లు మళ్లీ సీటీ తీయాల్సిన పని తప్పుతుంది. డబ్బూ మిగులుతుంది, రేడియేషనూ తప్పుతుంది.

రేడియేషన్ తగ్గిస్తే నాయిస్

రేడియేషన్ మాట వచ్చింది కాబట్టి కొన్ని అంకెలు. ప్రకృతి నుంచి మనిషికి ఏటా అందే రేడియేషన్ ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఒక ఛాతీ ఎక్స్‌రేకు సుమారు 0.1 లేదా అంతకంటే తక్కువ. ఛాతీ సీటీకి మామూలుగా 5 నుంచి 7. అల్ట్రాసౌండ్‌లో, ఎంఆర్ఐలో ఈ రకం రేడియేషన్ లేదు. అవసరమైన సీటీకి భయపడక్కర్లేదు. అనవసరమైనది వద్దు.

"మరి డోసు బాగా తగ్గించి తీయొచ్చుగా" అంటారు. తీయవచ్చు. కానీ బొమ్మ మీద ఇసుక చల్లినట్టు నాయిస్ వస్తుంది. ఆ నాయిస్ సగం కావాలంటే డోసు రెండింతలు చాలదు, నాలుగింతలు కావాలి. నాయిస్ ఉన్న కొలతల నుంచి ఎంత కచ్చితంగా అంచనా వేయగలమో ఒక హద్దు ఉంది. ఎవరి పక్షమూ వహించని అంచనా ఏదీ ఆ హద్దు దాటి మెరుగవదని 1945లో చూపించింది మన సి.ఆర్.రావుగారే. హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో ఆ వ్యాసం రాసేనాటికి ఆయన వయసు పాతికేళ్లు. 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా గౌరవాలు అందుకుంటూనే ఉన్నారు. క్రామెర్-రావు హద్దు పేరుతో ఆ ఫలితాన్ని ఎంఆర్ఐ కొలతలు ఎలా తీయాలో నిర్ణయించడానికి ఇవాళ్టికీ వాడుతున్నారు.

ఆ హద్దును దాటాలంటే బయటి నుంచి ఏదో ఒక తెలివి తెచ్చుకోవాలి. "శరీరంలో బొమ్మ ఇష్టం వచ్చినట్టు మారదు, ఒక అవయవం లోపల దాదాపు ఒకేలా ఉండి అంచు దగ్గర ఒక్కసారిగా మారుతుంది" అన్నది అలాంటి తెలివి. 1992లో రూడిన్, ఆషర్, ఫతేమి అనే ముగ్గురు దీన్ని లెక్కగా మలిచారు. నాయిస్ పోతుంది, అంచులు మాత్రం చెదరవు. ఇప్పటి తక్కువ డోసు సీటీల్లో ఇలాంటి ఆలోచనలే ఉన్నాయి. అయితే ఒక మాట. నునుపు శ్రుతి మించితే నాయిస్‌తోపాటు సన్నని నిజం కూడా పోతుంది. "ఆ సెంటర్‌లో బొమ్మ అద్దంలా వస్తుంది" అని మెచ్చుకోకండి. నునుపైన బొమ్మ అంటే నిజమైన బొమ్మ అని అర్థం కాదు.

ఎంఆర్ఐలో పసిపిల్లాడు

ఎంఆర్ఐ గొట్టంలో కదలకుండా అరగంట పడుకోవడం పెద్దలకే కష్టం. పిల్లలకు చాలాసార్లు మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ఈ బాధ తగ్గించిన లెక్క 2004-2006 మధ్య వచ్చింది. ఎమాన్యుయెల్ కాండెస్, జస్టిన్ రాంబర్గ్, టెరెన్స్ టావ్, డేవిడ్ డోనహో చెప్పింది ఇది: బొమ్మను కొద్దిపాటి అలలతో రాయగలిగితే, అన్ని కొలతలూ తీయనక్కర్లేదు. తెలివిగా ఎంచుకున్న కొన్ని చాలు, మిగతాది లెక్కతో రాబట్టవచ్చు. దీని పేరు కంప్రెస్డ్ సెన్సింగ్.

గుంటూరు యార్డులో కొనేవాళ్లు టిక్కీ మొత్తం కుమ్మరించి చూడరు కదా, అక్కడక్కడ పిడికెడు తీసి సరుకు చెప్పేస్తారు. కాకపోతే పైపైన ఒక్కచోటే తీస్తే మోసపోతారు. ఈ లెక్కలోనూ కొలతలు అక్కడక్కడ చెదురుగా తీయాలన్నదే కీలకం. 2017లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పద్ధతి వాడే ఎంఆర్ఐ ఉత్పత్తులకు అనుమతి ఇచ్చింది. స్కాన్ సమయం తగ్గితే మత్తు అవసరమూ తగ్గుతుంది.

ఏఐ చూస్తే చాలదా?

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఇది. ఛాతీ ఎక్స్‌రేలో టీబీ అనుమానాన్ని కంప్యూటర్‌తో పట్టడాన్ని 15 ఏళ్లు దాటినవారి విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫార్సు చేసింది. రేడియాలజిస్టు లేని పల్లెలకు అది మేలే. కానీ అది అసలు డిజిటల్ ఎక్స్‌రే చూస్తుంది, ట్యూబ్‌లైటు ముందు తీసిన ఫొటోను కాదు. అది చెప్పేదీ అనుమానమే. తేల్చేది కళ్లె పరీక్ష.

తక్కువ కొలతల నుంచి ఏఐతో బొమ్మను తయారుచేయడం ఇంకో సంగతి. గణితజ్ఞుడు ఆండర్స్ హాన్సెన్, ఆయన సహచరులు 2020లో ప్రచురించిన పరిశోధనలో, వాళ్లు పరీక్షించిన కొన్ని ఏఐ పద్ధతుల్లో కొలతలు కంటికి తెలియనంత మారినా బొమ్మలో లేనివి పుట్టుకొచ్చాయి. కొన్నిసార్లు ఉన్న చిన్న వివరం మాయమైంది. అందుకే మెషీన్ ఎంత తెలివైనదైనా, రోగిని చూసి, చెయ్యి పట్టుకుని, "దగ్గు ఎన్నాళ్ల నుంచి?" అని అడిగే మనిషి ఉండాలి. నేను ఆ రోజు ఆ ప్రశ్న గట్టిగా అడిగి ఉంటే, ఫొటోలో ఏమున్నా లేకున్నా కళ్లె పరీక్ష రాసేవాడిని.

మీరు పాటించాల్సినవి

• రెండు వారాలు దాటిన దగ్గుకు, ఎక్స్‌రే బాగుందని ఎవరు చెప్పినా, కళ్లె పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్ష, మందులు ఉచితం.

• ఎక్స్‌రే ఫొటో చూసి "ఏమీ లేదు" అని ఎవరైనా అంటే దాన్ని తుది మాటగా తీసుకోకండి. ఫిల్మును లేదా అసలు ఫైలును డాక్టరుకు చూపించండి.

• పంపక తప్పకపోతే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. అప్పుడు వాట్సాప్ దాన్ని కుదించదు. రేడియాలజిస్టు రాసిన రిపోర్టు కూడా జతచేయండి.

• సీటీ, ఎంఆర్ఐ తీయించినప్పుడు సీడీ లేదా డైకామ్ ఫైళ్లు అడిగి తీసుకోండి. వాటి కాపీ ఇంట్లో ఒకటి ఉంచండి.

• పాత ఫిల్ములు పారేయకండి. పాత మచ్చా, కొత్త మచ్చా అన్నది పోల్చి చూస్తేనే తెలుస్తుంది. ఎండలో, బండి డిక్కీలో పెట్టకండి. వేడికి కొన్ని రకాల ఫిల్ములు నల్లబడతాయి.

• సీటీ రాస్తే "దీనివల్ల చికిత్సలో ఏం మారుతుంది?" అని అడగండి. ఇంతకుముందు తీసిన స్కాన్‌లు ఉంటే చెప్పండి. గర్భం ఉన్నా, ఉందని అనుమానమున్నా ముందే చెప్పండి.

• పిల్లలకు సీటీ తీస్తుంటే, డోసును పిల్లలకు తగ్గట్టు మార్చారా అని అడగడానికి మొహమాటపడకండి.

ఇప్పటికీ నాకు సాయంత్రం ఫొటోలు వస్తూనే ఉంటాయి. తెరిచి చూస్తాను. కానీ జవాబు మాత్రం ఒకటే పెడతాను: "దగ్గు ఎన్ని రోజుల నుంచి? రేపు ఫిల్ము తీసుకుని మనిషిని తీసుకురండి." ఒక పూట కూలి పోతుందని నాకు తెలుసు. ఆ మూడు వారాలు ఎంత ఖరీదో కూడా తెలుసు.